మైనరు సంతకం ఎవరిని కట్టేస్తుంది?

అప్పు నోటు నుంచి పొలం అమ్మకం వరకు... పద్దెనిమిదేళ్లు నిండని వారి ఒప్పందాలపై చట్టం చెబుతున్నదేమిటి

కృష్ణగిరి: ఇంటి పెద్ద కన్నుమూసి పట్టుమని పక్షం రోజులు కాలేదు. అప్పిచ్చిన ఆసామి అరుగు మీద కూర్చుని పాత ప్రోనోటు తీశాడు. గడువు దగ్గర పడింది, తిరగరాయాలన్నాడు. భర్తను పోగొట్టుకున్న ఇల్లాలికి చదువు రాదు. పదో తరగతి చదివే పెద్దకొడుకుకు సంతకం వచ్చు. ‘అబ్బాయి సంతకం పెడితే చాలు’ అన్నాడు ఆసామి. పరువు పోతుందన్న భయంతో తల్లి తల ఊపింది. బాలుడు సంతకం చేశాడు.

ఇది ఏ ఒక్క ఇంటి కథా కాదు. వాన మీద ఆధారపడిన పల్లెల్లో ఎక్కడైనా జరగగల ముచ్చట. హంద్రీ-నీవా కాలువ పారే కృష్ణగిరి అయినా, పత్తి మార్కెట్‌కు పేరొందిన ఆదోని అయినా, మగ్గాల ఊరు ఎమ్మిగనూరు అయినా అప్పులు, అడ్వాన్సులు, కౌలు మాటలు, పొలం అగ్రిమెంట్లు లేనిదే రోజు గడవదు. వాటిలో పిల్లల పేర్లు, పిల్లల సంతకాలు, చివరకు పిల్లల శ్రమ కూడా చేరిపోతుంటాయి. ఇటువంటి కాగితాలలో ఏది చెల్లుతుంది, ఏది చెల్లదు అన్నది తెలియక అటు విధవరాళ్లు, అనాథ పిల్లలు, ఇటు సొమ్ము పెట్టి పొలం కొన్న రైతులు ఇరువురూ నష్టపోతున్నారు.

చట్టం మాట సూటిగానే ఉంది. మైనరు చేసిన సంతకం ఆ మైనరును కట్టివేయదు. ఆ సంతకాన్ని నమ్ముకున్న పెద్దవారే దాని నష్టాన్ని భరించాలి.

ఎవరు మైనరు?

1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 11వ సెక్షన్ ప్రకారం ఒప్పందం చేసుకొనే వ్యక్తి యుక్తవయస్కుడై ఉండాలి. మతి స్థిమితం ఉండాలి. మరే చట్టం కిందా అనర్హుడై ఉండరాదు. యుక్తవయస్సు ఎంత అన్నది 1875 నాటి భారత మెజారిటీ చట్టం నిర్ణయించింది. పద్దెనిమిదేళ్లు నిండాలి. పద్దెనిమిదో పుట్టినరోజు మొదలైన క్షణం నుంచే ఆ వ్యక్తి మేజరు. లోగడ కోర్టు సంరక్షకుడిని నియమించిన పిల్లల విషయంలో ఈ వయస్సు 21 ఏళ్లుగా ఉండేది. 1999లో వచ్చిన సవరణతో ఆ తేడా తొలగిపోయింది. ఇప్పుడు అందరికీ 18 ఏళ్లే.

పెళ్లయిన ఆడపిల్ల మేజరు అయినట్లేనన్న అపోహ పల్లెల్లో ఉంది. అది నిజం కాదు. పదహారేళ్ల పిల్లకు పెళ్లి చేసినా, ఒప్పందాల విషయంలో ఆమె మైనరే. సంపాదిస్తున్నాడు కాబట్టి పెద్దవాడేనన్న మాటా చెల్లదు. వయస్సుకు జనన ధ్రువపత్రం, పాఠశాల రికార్డులు ముఖ్యమైన ఆధారాలు. ఆధార్ కార్డు గుర్తింపునకే తప్ప పుట్టిన తేదీకి రుజువు కాజాలదని 2024 అక్టోబరులో ఒక ప్రమాద పరిహారం కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసి, పాఠశాల ధ్రువపత్రంలోని తేదీనే పరిగణనలోకి తీసుకుంది.

1903 నాటి తీర్పు

11వ సెక్షన్ ఎవరు ఒప్పందం చేసుకోవచ్చునో చెప్పిందే తప్ప, మైనరు చేసుకుంటే ఏమవుతుందో విడమరచి చెప్పలేదు. ఆ ఒప్పందం మొదటి నుంచీ చెల్లనిదా, లేక మైనరు కోరుకుంటే రద్దు చేసుకోదగినదా అన్న సందేహం మూడు దశాబ్దాలు నడిచింది. దానికి తెర దించినది కలకత్తా కేసు.

ధర్మదాస్ ఘోష్ అనే మైనరు 1895లో తన ఇంటి ఆస్తిని బ్రహ్మదత్ అనే వడ్డీ వ్యాపారికి 20 వేల రూపాయలకు తాకట్టు పెట్టాడు. బాలుడు మైనరని వ్యాపారి తరఫున వ్యవహారం నడిపిన న్యాయవాదికి ముందే తెలుసు. తల్లి పక్షాన ఆ మేరకు లేఖ కూడా అందింది. అయినా తాకట్టు పత్రం రాయించుకున్నారు. తాకట్టు చెల్లదంటూ తల్లి ద్వారా మైనరు దావా వేశాడు. వ్యాపారి చనిపోయాక అతని పక్షాన మోహరీ బీబీ తదితరులు పోరాడారు. కేసు అప్పటి అత్యున్నత న్యాయస్థానమైన లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లింది. 1903లో ప్రివీ కౌన్సిల్ తుది తీర్పు చెప్పింది. మైనరు ఒప్పందం మొదటి నుంచీ చెల్లనిదేనని, అసలు ఒప్పందమే లేనప్పుడు దాని కింద ఇచ్చిన సొమ్మును తిరిగి కోరే హక్కూ లేదని ప్రకటించింది. మైనరని తెలిసే అప్పిచ్చిన వ్యాపారి పట్ల సానుభూతి చూపలేదు. నూట ఇరవై ఏళ్లు దాటినా మన కోర్టులు నేటికీ ఈ తీర్పునే పునాదిగా తీసుకుంటున్నాయి.

దీని నుంచి మరో నియమం పుట్టింది. మొదటి నుంచీ లేని ఒప్పందానికి తరువాత ప్రాణం పోయలేరు. మైనరుగా ఉన్నప్పుడు తీసుకున్న అప్పుకు, పద్దెనిమిదేళ్లు నిండాక కొత్త సొమ్మేదీ ముట్టకుండా కేవలం పాత నోటునే తిరగరాసి ఇచ్చినా ఆ కొత్త నోటు చెల్లదని 1928లో అలహాబాద్ హైకోర్టు తీర్పు చెప్పింది. ‘ఇప్పుడు సంతకం పెట్టు, పద్దెనిమిది నిండాక మళ్లీ రాయించుకుంటాం’ అనే మాటకు అందువల్ల విలువ లేదు.

తండ్రి అప్పు మాటేమిటి?

మొదట చెప్పుకున్న ఇంటికి వద్దాం. బాలుడు సంతకం చేసిన నోటు ఆధారంగా అతనిపై డిక్రీ రాదు. అయితే తండ్రి అప్పు ఆ నోటుతో పాటు గాలికి కొట్టుకుపోదు. తండ్రి రాసిన అసలు నోటు గడువులో ఉంటే అప్పిచ్చినవారు కోర్టుకు వెళ్లవచ్చు. తండ్రి విడిచి వెళ్లిన ఆస్తి నుంచి బాకీ రాబట్టుకోవచ్చు. వారసులు ఆ ఆస్తి మేరకే బాధ్యులు. బాలుడు రేపు చదువుకొని సంపాదించుకొనే జీతానికి గానీ, తల్లి సొంత కష్టార్జితానికి గానీ ఆ బాకీ అంటదు.

తండ్రి రుణం తీర్చడం కొడుకు ధర్మం కాబట్టి కొడుకు కట్టవలసిందేనని పూర్వం హిందూ ధర్మశాస్త్రం పేరిట వాదించేవారు. హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణ ఆ దారి మూసింది. సవరణ తరువాత చేసిన అప్పులకు కేవలం ధర్మబాధ్యత అన్న కారణంతో కొడుకులపై, మనుమలపై దావా వేయడానికి వీల్లేదు. తల్లి చదువుకోకపోయినా గుర్తుంచుకోవలసిన మాట ఒక్కటే: పిల్లవాడి చేత సంతకం పెట్టించనవసరం లేదు. తాను సైతం కొత్త నోటుపై వేలిముద్ర వేస్తే అప్పటివరకు భర్త ఆస్తికి పరిమితమైన బాకీని తన నెత్తిన వేసుకున్నట్లే.

మైనరుతో పాటు మేజరు కూడా నోటుపై సంతకం చేసిన సందర్భంలో మైనరు తప్పుకున్నా మేజరు తప్పించుకోలేడు. మద్రాసు ప్రాంతం నుంచి వెళ్లిన కేసులో 1916లోనే ప్రివీ కౌన్సిల్ ఈ మాట చెప్పింది. ‘అబ్బాయి అప్పే కదా, పక్కన ఊరికే సంతకం పెట్టు’ అంటే నమ్మి పెట్టిన మేనమామో, బాబాయో మొత్తం బాకీకి జవాబుదారీ కావలసి వస్తుంది.

అబద్ధం చెప్పి సంతకం చేస్తే

పదిహేడేళ్ల యువకుడు తనకు 19 ఏళ్లని నమ్మించి సొమ్ము తీసుకున్నాడనుకుందాం. మైనరును మోసానికి ఆయుధంగా వాడుకోనివ్వడం చట్టం ఉద్దేశం కాదు. ఒప్పందం చెల్లకపోయినా, మైనరు పొందిన లబ్ధిని తిరిగి ఇమ్మని ఆదేశించే అధికారం 1963 నాటి నిర్దిష్ట పరిహార చట్టం 33వ సెక్షన్ కోర్టులకు ఇచ్చింది. మైనరే కోర్టుకు వచ్చి పత్రాన్ని రద్దు చేయమన్నా, తనపై వేసిన దావాలో మైనరునని తప్పుకోజూసినా ఈ అధికారం వర్తిస్తుంది. అయితే అది అతను గానీ, అతని ఆస్తి గానీ నిజంగా లబ్ధి పొందిన మేరకే. సొమ్ము ఖర్చయిపోయి ఏమీ మిగలకపోతే అప్పిచ్చినవారికి దక్కేది కూడా అంతంతే. అందువల్ల వయస్సు చూసుకోవలసిన భారం ఇచ్చేవారిదే.

తిండి, బట్ట, చదువు

మైనరుకు ఎవరూ ఏదీ అప్పుగా ఇవ్వరాదంటే తల్లిదండ్రులు లేని పిల్లలు ఆకలితో మాడవలసి వస్తుంది. దీనికి కాంట్రాక్టు చట్టం 68వ సెక్షన్‌లో మార్గం ఉంది. మైనరుకు గానీ, ఆ మైనరు పోషించవలసిన వారికి గానీ వారి స్థితిగతులకు తగిన అవసరాలు సమకూర్చినవారు, ఆ మైనరు ఆస్తి నుంచి ఖర్చు రాబట్టుకోవచ్చు. తిండి, బట్ట, వైద్యం, చదువు వంటివి ఈ కోవలోకి వస్తాయి. ఆస్తి లేకపోతే మాత్రం ఆ మైనరును వ్యక్తిగతంగా నిలదీయరాదు.

అవసరం ఏది, విలాసం ఏది అన్న విషయంలో ఇంగ్లండులో 1908లో వచ్చిన ఒక తీర్పును న్యాయవిద్యార్థులు నేటికీ చదువుతారు. కేంబ్రిడ్జిలో చదివే ఒక మైనరు విద్యార్థికి దర్జీ ఒకరు 11 ఫ్యాన్సీ వెయిస్ట్‌కోట్లతో సహా దుస్తులు కుట్టి ఇచ్చి బాకీ కోసం దావా వేశాడు. ఆ విద్యార్థికి అప్పటికే తగినన్ని బట్టలున్నాయని తేలడంతో దర్జీ ఓడిపోయాడు. నేటి లెక్కలో చెప్పాలంటే ఇంటర్ విద్యార్థికి పుస్తకాలు, హాస్టల్ భోజనం అవసరాలు. ఖరీదైన ఫోన్ వాయిదాల మీద అంటగట్టిన దుకాణదారు దాన్ని అవసరమని నిరూపించుకోవడం కష్టం.

పొలం అమ్మకం... అసలు చిక్కు ఇక్కడే

పశ్చిమ ప్రాంత గ్రామాలలో మైనర్ల పేరు ఎక్కువగా వినిపించేది భూముల తగాదాలలో. తండ్రి తన కష్టార్జితంతో కొన్న ఆరెకరాల పొలం ఉంచి వీలునామా లేకుండా చనిపోయాడనుకుందాం. భార్య, ఎనిమిదేళ్ల కొడుకు, పదేళ్ల కూతురు మిగిలారు. హిందూ వారసత్వ చట్టం ప్రకారం ముగ్గురికీ సమాన వాటాలు. మరణించిన వ్యక్తి తల్లి జీవించి ఉంటే ఆమెకూ సమాన వాటా ఉంటుంది. బాకీలు తీర్చడానికి పొలం అమ్మాలని భార్య అనుకుంటే తన వాటా అమ్ముకోవడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. పిల్లల వాటాల సంగతి వేరు.

పూర్వం ఇందులో కొంత వెసులుబాటు ఉండేది. తెలుగు ఇంటిపేర్లతోనే న్యాయగ్రంథాలలో నిలిచిపోయిన ఒక కేసు దీనికి సాక్ష్యం. శ్రీకాకుళం సుబ్రహ్మణ్యం, కుర్రా సుబ్బారావుల మధ్య నడిచిన ఈ వ్యాజ్యం మద్రాసు హైకోర్టు నుంచి ప్రివీ కౌన్సిల్‌కు చేరింది. ఆదోని అప్పుడు బళ్లారి జిల్లాలో, కర్నూలు మరో జిల్లాగా, రెండూ మద్రాసు రాష్ట్రంలోనే ఉండేవి. తండ్రి చేసిన అప్పులు తీర్చడానికి మైనరు తరఫున తల్లి భూమి అమ్మకానికి ఒప్పందం చేసుకుంది. కొన్నవారు భూమిని స్వాధీనం చేసుకున్నారు. తరువాత ఆ ఒప్పందం తనను కట్టివేయదంటూ మైనరు పక్షాన దావా నడిచింది. సంరక్షకురాలిగా తల్లికి ఆ అధికారం ఉందని, ఒప్పందం మైనరు మేలు కోసమే జరిగిందని, అందువల్ల మైనరు దానికి కట్టుబడవలసిందేనని 1948లో ప్రివీ కౌన్సిల్ తీర్పు చెప్పింది.

ఎనిమిదేళ్లకే పరిస్థితి మారింది. 1956లో వచ్చిన హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం 8వ సెక్షన్ సహజ సంరక్షకుల చేతికి హద్దు గీసింది. తండ్రి అయినా, తల్లి అయినా కోర్టు ముందస్తు అనుమతి లేనిదే మైనరు స్థిరాస్తిని అమ్మరాదు, తాకట్టు పెట్టరాదు, దానమివ్వరాదు, మార్పిడి చేయరాదు. అయిదేళ్లకు మించి గానీ, మైనరు మేజరైన తరువాత ఏడాదికి మించి గానీ కౌలుకివ్వరాదు. తప్పనిసరి అవసరం గానీ, మైనరుకు స్పష్టమైన ప్రయోజనం గానీ ఉందని తేలితేనే కోర్టు అనుమతిస్తుంది. తల్లిదండ్రులు కాని బాబాయిలు, మేనమామలు పెంచుతున్నంత మాత్రాన మైనరు ఆస్తి జోలికి వెళ్లే అధికారం వారికి అసలే లేదని అదే చట్టం 11వ సెక్షన్ చెబుతోంది.

ఇందులో ఒక మినహాయింపు గమనించాలి. పంపకాలు కాని ఉమ్మడి కుటుంబ ఆస్తిలో మైనరుకుండే అవిభక్త వాటాకు ఈ అనుమతి నిబంధన వర్తించదు. కుటుంబ అవసరాల కోసం కర్త ఆ ఆస్తిని అమ్మవచ్చునని 1996లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అవసరం నిజమైనదేనా అన్నది మాత్రం తరువాత సవాలు చేయవచ్చు. కనుక అమ్మేది తండ్రి స్వార్జితమా, తాతల నాటి ఉమ్మడి ఆస్తా అన్నది మొదట తేల్చుకోవాలి.

ముస్లిం కుటుంబాల విషయంలో నియమం ఇంకా కఠినంగా ఉంది. మైనరు ఆస్తికి తల్లి చట్టబద్ధ సంరక్షకురాలు కాదని, కోర్టు నియమించనిదే ఆమె చేసిన స్థిరాస్తి విక్రయం చెల్లదని 1918లో ప్రివీ కౌన్సిల్ తీర్పునిచ్చింది. తండ్రి, ఆయన వీలునామాలో నియమించిన వ్యక్తి, తరువాత తండ్రి తండ్రి, ఆయన వీలునామాలో నియమించిన వ్యక్తి మాత్రమే ఆ హోదాకు అర్హులు. వారెవరూ లేనప్పుడు 1890 నాటి సంరక్షకులు, ఆశ్రితుల చట్టం కింద కోర్టును ఆశ్రయించి సంరక్షకురాలిగా నియామకం పొందడమే తల్లికి దారి. క్రైస్తవ కుటుంబాలకు కూడా ఈ చట్టమే ఆధారం.

కొన్నవారికి పదమూడేళ్ల గండం

అనుమతి లేకుండా సహజ సంరక్షకులు అమ్మితే ఆ విక్రయాన్ని మైనరు రద్దు చేయించుకోవచ్చు. మేజరైన నాటి నుంచి మూడేళ్ల లోపు దావా వేయడానికి 1963 నాటి కాలపరిమితి చట్టం అవకాశమిచ్చింది. పై ఉదాహరణలో కొడుకు వయస్సు ఎనిమిదేళ్లు. అతనికి 21 ఏళ్లు నిండే వరకు, అంటే పదమూడేళ్ల పాటు, కొన్న రైతు నెత్తిన కత్తి వేలాడుతూనే ఉంటుంది. ఈలోగా అతను బోరు వేసి ఉండవచ్చు, రాళ్లు ఏరించి చదును చేయించి ఉండవచ్చు. పత్రం రిజిస్టరైంది కదా, పట్టాదారు పాసుపుస్తకం వచ్చింది కదా అన్న ధీమా పనికిరాదు. సంతకం చేసే వ్యక్తి మైనరని తోస్తే సబ్ రిజిస్ట్రారు రిజిస్ట్రేషన్ నిరాకరించాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం చెబుతున్నా, తల్లి సంరక్షకురాలిగా సంతకం చేసిన పత్రం రిజిస్టరైతే అది కోర్టు అనుమతికి బదులు కాజాలదు.

రద్దు చేయించుకోవడానికి ప్రతిసారీ దావాయే వేయనవసరం లేదని 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. పొరుగున ఉన్న కర్ణాటకలోని దావణగెరెకు చెందిన కేసు అది. తండ్రి కోర్టు అనుమతి లేకుండా పిల్లల పేరిట ఉన్న స్థలాలను అమ్మేశాడు. పిల్లలు మేజర్లయ్యాక ఆ స్థలాన్ని మరొకరికి అమ్మడం ద్వారా తండ్రి చేసిన విక్రయాన్ని తిరస్కరించారు. గడువులోగా చేసిన అటువంటి స్పష్టమైన చర్య కూడా చాలునని న్యాయస్థానం తేల్చింది. కొనుగోలుదారులు మరింత జాగ్రత్తపడవలసిన తీర్పు ఇది.

అమ్మవలసిన అవసరం నిజమైతే తల్లి భయపడనక్కరలేదు. ఆస్తి ఉన్న ప్రాంతంపై అధికారం గల జిల్లా స్థాయి న్యాయస్థానంలో న్యాయవాది ద్వారా పిటిషన్ వేయాలి. భర్త మరణ ధ్రువపత్రం, తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, పిల్లల జనన లేదా పాఠశాల పత్రాలు, పొలం రికార్డులు, బాకీల వివరాలు జతపరచాలి. ఎందుకు అమ్ముతున్నదీ, ఎంత ధర వస్తున్నదీ, పిల్లల వాటా సొమ్మును ఏం చేయదలచినదీ వివరించాలి. పిల్లల వాటాను వారు మేజర్లయ్యే వరకు బ్యాంకులో డిపాజిట్ చేయమని కోర్టు షరతు పెట్టవచ్చు. కొనేవారు ఈ అనుమతి ఉత్తర్వు చూడనిదే బయానా కూడా ఇవ్వకపోవడం శ్రేయస్కరం.

మైనరు పేరిట కొనవచ్చు

మైనరుపై బాధ్యత మోపే ఒప్పందం చెల్లదు. మైనరుకు మేలు చేకూర్చేది మాత్రం నిలుస్తుంది. మైనరు పేరిట పొలం కొనవచ్చు, దానం రాయవచ్చు. మైనరు పూర్తిగా సొమ్ము చెల్లించి రాయించుకున్న తాకట్టు పత్రం ఆ మైనరు పక్షాన అమలవుతుందని 1916లోనే మద్రాసు హైకోర్టు ఫుల్ బెంచ్ తీర్పునిచ్చింది. ప్రోనోటు మైనరు పేర రాసినా రాసినవారు బాకీ కట్టవలసిందే. భాగస్వామ్య వ్యాపారంలో మైనరును లాభాలలో వాటాకు చేర్చుకోవచ్చు. నష్టాలకు అతని వాటా మాత్రమే పూచీ. మేజరయ్యాక, లేదా వాటా సంగతి తెలిశాక, ఏది తరువాత జరిగితే అప్పటి నుంచి ఆరు నెలల లోపు భాగస్వామిగా ఉండేదీ లేనిదీ బహిరంగ ప్రకటన ద్వారా తెలపాలి. మౌనంగా ఉండిపోతే పూర్తి భాగస్వామి అయినట్లే. ఆదోనిలో తండ్రీకొడుకుల పేర నడిచే కమీషన్ దుకాణాలు, జిన్నింగ్ వ్యాపారాలు ఈ గడువును గుర్తుంచుకోవాలి.

బ్యాంకు ఖాతాల విషయంలో రిజర్వు బ్యాంకు 2025 ఏప్రిల్‌లో నిబంధనలు సవరించింది. పదేళ్లు నిండిన పిల్లలు బ్యాంకు విధించే పరిమితికి లోబడి పొదుపు ఖాతాను స్వయంగా తెరచి నడుపుకోవచ్చు. ఖాతాలో సొమ్ము ఎప్పుడూ నిల్వ ఉండాలి, అప్పు మాత్రం ఇవ్వరాదు. మైనరుకు సొమ్ము దాచుకొనే స్వేచ్ఛ ఉంది, బాకీ పడే స్వేచ్ఛ లేదు అన్న కాంట్రాక్టు చట్టం సూత్రమే ఇందులోనూ కనిపిస్తుంది.

చేతుల్ని తాకట్టు పెట్టిన ఒప్పందాలు

భూమి లేని ఇంట్లో తాకట్టుకు మిగిలేది చేతులే. కర్నూలు జిల్లాలో హైబ్రిడ్ పత్తి విత్తనోత్పత్తి విస్తరించిన రోజుల్లో పూల నుంచి మగ భాగాన్ని తొలగించి చేతితో పరాగం అద్దే పనికి చిన్న పిల్లలను, ముఖ్యంగా ఆడపిల్లలను పెద్ద సంఖ్యలో పెట్టుకున్నారు. సీజను మొదలు కాకముందే తల్లిదండ్రులకు అడ్వాన్సు ఇచ్చి పిల్లను రాయించుకొనేవారు. ఈ పద్ధతిపై దావులూరి వెంకటేశ్వర్లు 2000 దశకం తొలినాళ్లలో చేసిన అధ్యయనాలు దేశ విదేశాలలో చర్చకు దారితీశాయి. సుగ్గి పేరిట గుంటూరు వైపు మిరప కోతలకు, పత్తి తీతకు కుటుంబాలతో వలస వెళ్లే వారి వెంట బడి మానిన పిల్లలూ వెళ్లడం ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాలకు తెలిసిన విషయమే.

అడ్వాన్సు తీసుకున్నాక పిల్లను పంపవలసిందేనా? అవసరం లేదు. పిల్లల శ్రమను తాకట్టు పెట్టే ఒప్పందాలు చెల్లవని 1933లోనే బ్రిటిష్ పాలకులు ప్రత్యేక చట్టం చేశారు. స్వాతంత్య్రం వచ్చాక రాజ్యాంగం 23వ అధికరణ వెట్టిని నిషేధించింది. 24వ అధికరణ పద్నాలుగేళ్ల లోపు పిల్లలను కర్మాగారాలు, గనులు, ప్రమాదకర పనులలో పెట్టరాదంది. 1976 నాటి వెట్టి కార్మిక వ్యవస్థ రద్దు చట్టం ఇంకా ముందుకు వెళ్లింది. వెట్టికి కారణమైన ఒప్పందమే కాక, దాని వెనుక ఉన్న అప్పు కూడా రద్దయినట్లేనని ప్రకటించింది. వెట్టి చేయించిన వారికి మూడేళ్ల వరకు జైలు శిక్ష ఉంటుంది. 2016 సవరణ తరువాత బాల కార్మిక చట్టం కింద, బడి వేళలు కాని సమయంలో సొంత కుటుంబానికి సాయపడడం వంటి మినహాయింపులు తప్ప, పద్నాలుగేళ్ల లోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టుకోరాదు. పెట్టుకుంటే ఆరు నెలల నుంచి రెండేళ్ల వరకు జైలు, 20 వేల నుంచి 50 వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు.

కాంట్రాక్టు చట్టం ఒక్కటే ఉంటే పిల్లలకు పూర్తి రక్షణ దొరకదు. ఈ సంగతిని 1949 నాటి బొంబాయి హైకోర్టు తీర్పు చూపింది. సినిమాలో నటించేందుకు ఒక బాలిక తరఫున ఆమె తండ్రి నిర్మాతతో ఒప్పందం చేసుకున్నాడు. నిర్మాత మాట తప్పడంతో బాలిక పక్షాన దావా వేశారు. మైనరు సేవా ఒప్పందమే చెల్లదు కాబట్టి దాని ఆధారంగా పరిహారం కోరలేరని కోర్టు చెప్పింది. బాలికను కట్టివేయని కాగితం ఆమెను ఆదుకోనూ లేకపోయింది. ఆ లోటును పూడ్చడానికే కార్మిక చట్టాలు, బాలల చట్టాలు వచ్చాయి. పద్దెనిమిదేళ్ల లోపు వారిని వెట్టిలో ఉంచినా, వారి కూలి ఎగవేసినా 2015 నాటి బాలల న్యాయ చట్టం 79వ సెక్షన్ కింద అయిదేళ్ల వరకు కఠిన కారాగార శిక్ష, లక్ష రూపాయల జరిమానా ఉన్నాయి. మైనరుతో ఒప్పందం లేదు కాబట్టి కూలి ఇవ్వనక్కరలేదన్న సాకు చెల్లదు.

పని నేర్చుకోవాలనుకొనే యువకులకు చట్టబద్ధమైన దారి వేరే ఉంది. 1961 నాటి అప్రెంటిస్‌షిప్ చట్టం ప్రకారం పద్నాలుగేళ్లు నిండిన వారు శిక్షణలో చేరవచ్చు. ప్రమాదకర పరిశ్రమలకైతే పద్దెనిమిదేళ్లు నిండాలి. అభ్యర్థి మైనరైతే సంరక్షకుడు ఒప్పందంపై సంతకం చేస్తారు. ఐటీఐ విద్యార్థులు ఈ అవకాశాన్ని వినియోగించుకోవచ్చు.

ఎవరిని అడగాలి?

మైనరు తనంతట తాను దావా వేయలేడు. తల్లి గానీ, మరో శ్రేయోభిలాషి గానీ అతని పక్షాన నిలవాలి. న్యాయవాదికి ఫీజు ఇచ్చే స్తోమత లేదని వెనుకాడవలసిన పని లేదు. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం ప్రకారం మహిళలు, పిల్లలు, షెడ్యూల్డు కులాలు, తెగల వారు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయానికి అర్హులు. కర్నూలులోని జిల్లా న్యాయసేవాధికార సంస్థను గానీ, దగ్గరలోని కోర్టు ప్రాంగణంలో ఉండే మండల న్యాయసేవా కమిటీని గానీ సంప్రదించవచ్చు. 15100 నంబరుకు ఫోన్ చేసినా సలహా లభిస్తుంది. పిల్లలను పనిలో నిర్బంధించినట్లు తెలిస్తే 1098కు తెలపవచ్చు.

అప్పిచ్చేవారు వయస్సు చూసుకోవాలి. పొలం కొనేవారు వారసులలో పిల్లలున్నారేమో కుటుంబ ధ్రువపత్రం తెప్పించి చూసుకోవాలి. పిల్లను పనికి కుదుర్చుకొనే మేస్త్రీ తాను ఇచ్చిన అడ్వాన్సు తిరిగి రాదని, జైలు మాత్రం రావచ్చునని తెలుసుకోవాలి. ఇక అరుగు మీద కూర్చున్న ఆసామికి ఆ ఇల్లాలు చెప్పవలసిన జవాబు చిన్నది: ‘అబ్బాయికి ఇంకా పద్దెనిమిది నిండలేదు. ఆయన ఉంచిన ఆస్తి ఉంది, లెక్క ఉంటే దానితో తేల్చుకుందాం.’